మా బెల్లానికి షుగర్! కిడ్నీలు కూడా వీక్... ఇన్సులిన్ పెంచాలా, తిండి ఏం పెట్టాలి?

గోదారి_గట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, కాస్త ఓపిగ్గా చదవండి. మా పిల్లి పేరు బెల్లం. రంగు చూసి పెట్టిన పేరు, ఇప్పుడు వాడికే షుగర్ అనేసరికి వీధిలో అందరికీ నవ్వులాటగా ఉంది, నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. వయసు 13 దాటింది. మగపిల్లి, చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాం. రెండేళ్ళ కిందట ఆరు కిలోల పైనే ఉండేవాడు, పోయిన నెల తూకం వేస్తే 4.1.

మొదట కనిపించింది నీళ్ళు. గిన్నె నింపిన గంటకి ఖాళీ, బాత్రూంలో బకెట్ అంచు మీద కూర్చుని మరీ తాగేవాడు. ఎండలు కదా అనుకున్నాం. తర్వాత వెనక కాళ్ళు మడమల మీద ఆనించి కుందేలులా నడవడం మొదలుపెట్టాడు. అప్పుడు తీసుకెళ్తే షుగర్ 412, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ 2.6, ఫాస్ఫరస్ 5.2. మూత్రంలో కూడా షుగర్ ఉంది, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వు కరిగించుకుంటే పుట్టే ఆమ్లాలు) లేవన్నారు. ఇవి కాక వాడికి చిగుళ్ళ జబ్బు పాతది. నోరు ఎర్రగా వాచి, తినబోయి అరిచి పారిపోయేవాడు. దానికి ఎనిమిది నెలల్లో మూడుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించాం, ఒకసారి చేస్తే నెలా రెండు నెలలు పనిచేసే రకం. చివరిది వేసి ఐదు వారాలైంది.

డాక్టరు గారు గ్లార్జిన్ ఇన్సులిన్ రాసి, పొద్దున ఒక యూనిట్, రాత్రి ఒక యూనిట్ వెయ్యమన్నారు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఇంజెక్షన్ మా నాన్నగారే వేస్తారు. ఆయనకి 22 ఏళ్ళుగా షుగర్, సొంతానికి వేసుకుని వేసుకుని చేయి తిరిగింది, వాడు తిండిలో మూతి పెట్టి ఉండగానే వేసేస్తారు, వాడికి తెలియను కూడా తెలియదు. ఏడింటికి ఆయనకొకటి, వాడికొకటి, ఇద్దరికీ ఒకేసారి టిఫిను.

ఇప్పుడు సమస్య. నాన్న మిషన్‌తోనే రోజూ పొద్దున చెవి గుచ్చి చూస్తున్నాం, 340, 370, 390 ఇలా వస్తోంది, తగ్గడమే లేదు. మా డాక్టరు గారు ఊళ్ళో లేరు, వచ్చే వారం గాని రారు. రెండు యూనిట్లకి పెంచుదామా అని నాన్న అంటున్నారు. ఇంకోటి, వాడు మధ్యాహ్నం పూట బాగా నీరసపడిపోతున్నాడు, మొన్న ఒంటిగంటకి కుర్చీ మీంచి దిగబోయి పక్కకి పడిపోయాడు. కిడ్నీల వల్ల నీరసం అనుకుంటున్నాం.

తిండి విషయానికొస్తే, ఇన్నాళ్ళూ డ్రై ఫుడ్డూ, మధ్యాహ్నం నాన్న పళ్ళెంలోంచి పెరుగన్నం, దాంట్లో చేపముక్క. ఎండు మెత్తళ్ళంటే ప్రాణం పెడతాడు. కిడ్నీలకి ఒక ఫుడ్డు, షుగర్‌కి ఇంకో ఫుడ్డు అంటున్నారు, రెండింటి వెనకా చదివితే ఒకదాంట్లో ప్రోటీన్ తగ్గించాలని, ఇంకోదాంట్లో పెంచాలని ఉంది. ఏది పెట్టాలి? పనిలో పని, నాన్న షుగర్ మాత్రలో చిన్న ముక్క వేస్తే సూది బాధ తప్పుతుందేమో అని మా పిన్ని సలహా. అది కూడా చెప్పండి.

మల్కాజిగిరి_మ్యావ్:

అక్కా, ముందు ఒక మాట. పెంచకండి. దయచేసి ఇవాళ మాత్రం పెంచకండి.

మా టైగర్‌కి 11 ఏళ్ళప్పుడు వచ్చింది షుగర్. మొదటి నెల నేనూ ఇదే తప్పు చేశా, పొద్దున నంబరు ఒక్కటే చూసి టెన్షన్ పడేదాన్ని. పొద్దున సూదికి ముందు చూసేది ఆ రోజులో అన్నిటికంటే పెద్ద నంబరు, అప్పటికి రాత్రి వేసిన మందు అయిపోవస్తుంది కదా. అసలు చూడాల్సింది సూది వేసిన నాలుగు నుంచి ఆరు గంటల మధ్య, షుగర్ బాగా కిందికి దిగే టైము అదే. ఏడింటికి వేస్తున్నారు, ఒంటిగంటకి పడిపోయాడు అంటున్నారు... లెక్క చూడండి. నాకైతే అది కిడ్నీ నీరసంలా అనిపించడం లేదు. ఇవాళే, వీలైతే ఈ పోస్టు చదవగానే, చెవి గుచ్చి చూడండి.

చెవి గురించి ఒక చిట్కా. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పిండి చెవికి ఒక నిమిషం ఆనిస్తే నరం తేలుతుంది, అంచున గుచ్చితే చుక్క వచ్చేస్తుంది. అవతలి వైపు దూది పెట్టుకోండి, లేకపోతే మీ వేలికే దిగుతుంది (నాకు దిగింది, మూడుసార్లు). ప్రతిసారీ ఆ తర్వాత వాడికిష్టమైనది ఒక ముక్క పెట్టండి. మావాడు కొన్నాళ్ళకి మిషన్ సంచి జిప్పు చప్పుడు వింటే తనే వచ్చి కూర్చునేవాడు. మనుషుల మిషన్ పిల్లి రక్తానికి అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది, జంతువుల మిషన్ వేరే ఉంది కానీ స్ట్రిప్పుల ఖర్చు భరించలేక నేను మనుషులదే వాడా. ఎప్పుడూ అదే మిషన్ వాడితే ఎటు పోతోందో తెలుస్తుంది, చాలు.

తిండి మార్చేటప్పుడు జాగ్రత్త. మావాడికి డ్రై ఫుడ్డు ఒక్కసారిగా మానేసి తడి ఫుడ్డు పెట్టా. పిండి పదార్థం తగ్గేసరికి మూడు వందల్లో ఉన్న షుగర్ రెండు రోజుల్లో 90కి వచ్చింది, ఇన్సులిన్ మాత్రం పాత డోసే నడుస్తోంది. అదృష్టం బాగుండి ఆ రోజు కొలిచా. ఏం మార్చినా వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా, రోజూ కొలుస్తూ మార్చండి. మావాడికి నాలుగు నెలల తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది, పిల్లుల్లో అలా జరుగుతుంది. ఆ తర్వాత రెండేళ్ళు మంచిగా ఉన్నాడు. చివరికి పోయింది కిడ్నీలతోనే, షుగర్‌తో కాదు.

పిన్నిగారి సలహా మాత్రం పక్కన పెట్టండి అక్కా.

పశువైద్యం_కృష్ణాజిల్లా:

నేను పశువైద్యుణ్ణి. పిల్లిని చూడకుండా డోసు చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీ పోస్టులో రెండు విషయాలు నన్ను కంగారు పెట్టాయి, అవి అడిగి తీరాలి.

మొదటిది: మీ నాన్నగారు బెల్లానికి వాడుతున్న సిరంజి మూత ఏ రంగు? ఆయన సొంతానికి వాడే సిరంజిలే వాడుతున్నారా? మన దగ్గర సీసా ఇన్సులిన్ చాలామటుకు ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దాని సిరంజికి ఎర్ర మూత. గ్లార్జిన్ మాత్రం మిల్లీలీటరుకి 100 యూనిట్లు, దానికి ఆరెంజ్ మూత సిరంజి వాడాలి. ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు గ్లార్జిన్ లాగితే అది ఒక యూనిట్ కాదు, రెండున్నర. రెండు గీతలకి పెంచితే ఐదు. నాలుగు కిలోల ముసలి పిల్లికి, అందులోనూ కిడ్నీలు సరిగా లేని పిల్లికి, ఐదు యూనిట్లంటే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోదు. ఇది చూసి వెంటనే రాయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

రెండోది ఆ స్టెరాయిడ్. ఎక్కువ రోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పిల్లుల్లో షుగర్ తెప్పించడం కొత్త సంగతేమీ కాదు. నోటి బాధకి అది వేస్తే పిల్లి ఆ పూటే తింటుంది, ఇంటివాళ్ళు సంతోషిస్తారు, వేసినవాళ్ళకీ మంచి పేరు. ఎనిమిది నెలల్లో మూడు అంటే ఎక్కువే. అయితే ఇందులో మీకు మేలు చేసే సంగతి ఒకటుంది, స్టెరాయిడ్ వల్ల వచ్చిన షుగర్ స్టెరాయిడ్ దిగిపోతే తగ్గే అవకాశం బాగా ఉంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. చివరి ఇంజెక్షన్ వేసి ఐదు వారాలైందన్నారు, అంటే దాని ప్రభావం దిగుతున్న రోజులివి. ఇవాళ సరిపోయే ఇన్సులిన్ పది రోజుల తర్వాత ఎక్కువైపోవచ్చు. కాబట్టి రాబోయే నెల రోజులు పెంచడం గురించి కాదు, తగ్గించాల్సి వస్తుందేమో అని చూసుకుంటూ ఉండాలి.

చిగుళ్ళ సంగతి వదిలేసి షుగర్‌ని ఎంత తిప్పినా అదుపులోకి రాదు. నోట్లో చీము, వాపు ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు. ఈ రకం నోటి జబ్బుకి అసలు వైద్యం దవడ పళ్ళు తీసేయడమే, వినడానికి భయంగా ఉంటుంది గానీ పళ్ళు తీయించుకున్న పిల్లులు తడి తిండి హాయిగా తింటాయి. కిడ్నీలు, షుగర్ రెండూ ఉన్నప్పుడు మత్తు ఇవ్వడం మామూలు విషయం కాదు, ముందు రక్త పరీక్ష, బీపీ, సెలైన్ పెట్టి, మత్తు జరుగుతున్నంత సేపూ గమనించే ఏర్పాటున్న చోటే చేయించాలి. మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ మరీ దూరమేమీ కాదు, అక్కడ ఒకసారి చూపించి మాట్లాడండి. అలాగే మూత్రం కల్చర్‌కి (క్రిములున్నాయేమో చూసే పరీక్షకి) పంపమనండి. షుగర్ ఉన్న పిల్లికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఏ లక్షణమూ లేకుండా దాక్కుంటుంది.

ఇక మీరడిగిన తిండి. కిడ్నీ ఫుడ్డులో ప్రోటీన్, ఫాస్ఫరస్ తగ్గిస్తారు, ఆ తగ్గించిన బలాన్ని కొవ్వుతోనూ పిండి పదార్థంతోనూ పూడుస్తారు. ఆ పిండి షుగర్‌కి పడదు. షుగర్ ఫుడ్డులో మాంసం ఎక్కువ, ఫాస్ఫరస్ కూడా కలిసొస్తుంది, అది కిడ్నీకి పడదు. మీ అయోమయం న్యాయమైనదే. మేం చూసేది కిడ్నీ ఎంత దూరం వెళ్ళిందని. క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 వరకు రెండో దశ అంటాం, బెల్లం 2.6 అంటే రెండో దశ చివర. కానీ రెండు కిలోలు తగ్గాడు, కండ కరిగిన పిల్లిలో క్రియాటినిన్ అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఇంకోపక్క ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి సెలైన్ పెట్టాక మళ్ళీ చేయించాలి. నా మట్టుకు నేనైతే ఈ దశలో పిండి తక్కువగా, ఫాస్ఫరస్ మధ్యస్తంగా ఉన్న తడి ఫుడ్డు పెట్టమంటాను. ఫాస్ఫరస్ 4.6 లోపు ఉండాలి, మీది 5.2, దాన్ని పేగుల్లోనే పట్టేసే మందు తిండిలో కలిపి ఇస్తారు. కిడ్నీ మూడో దశ దాటితే అప్పుడు కిడ్నీ ఫుడ్డే పెట్టి, దానికి తగ్గట్టు ఇన్సులిన్ సర్దుతాం.

వీటన్నిటి కంటే ముందుది, వాడు తినాలి. తినని మంచి ఫుడ్డు కంటే తినే మామూలు ఫుడ్డు నయం. పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుని వేరే గొడవ మొదలవుతుంది. పెరుగన్నం మానెయ్యండి, పిల్లికి దానివల్ల పనేమీ లేదు. ఎండు మెత్తళ్ళు ఉప్పూ, ముళ్ళూ, ఫాస్ఫరస్సూ, అవీ మానాలి. ఉడికించిన ముల్లు తీసిన చేప కొద్దిగా ఆశ చూపించడానికి పెట్టొచ్చు, అదే భోజనం కాకూడదు.

నాన్నగారి మాత్రల జోలికి పోవద్దు. చిగుళ్ళు నొప్పిగా ఉన్నాయని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ కూడా వెయ్యొద్దు, పిల్లికి అది విషం. చాలా ఇళ్ళల్లో జరిగే పని కాబట్టి అడగకపోయినా చెప్తున్నా.

గోదారి_గట్టు:

ఎర్ర మూత.

నాన్న పెట్టెలోదే. ఆయన సీసా మీద 40 అని ఉంది, బెల్లం సీసా మీద 100 అని ఉంది, తొమ్మిది రోజులుగా ఫ్రిజ్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒక్కరం చూడలేదు. డాక్టరు గారు చీటీ మీద సిరంజి రకం కూడా రాశారు, ఇంట్లో ఉన్నాయి కదా అని మేమే కొనలేదు. ఇప్పుడే చెవి గుచ్చా, సూది వేసి ఐదున్నర గంటలైంది, 51. వాడు నా ఒళ్ళో ఉన్నాడు, పిలిస్తే చూస్తున్నాడు, కాళ్ళు వణుకుతున్నాయి. ఏం చెయ్యాలి, త్వరగా చెప్పండి.

మల్కాజిగిరి_మ్యావ్:

తేనె! వేలికి తేనె రాసుకుని చిగుళ్ళకి, పెదవి లోపల పూయండి. నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేనె లేకపోతే గ్లూకోజ్ పొడిని చుక్క నీళ్ళలో పేస్టులా కలిపి పూయండి. ఐదు నిమిషాలాగి తిండి పెట్టండి, ఇవాళ డ్రై ఫుడ్డే పెట్టండి పరవాలేదు, పిండి పదార్థమే ఇప్పుడు కావాలి. పావుగంటకి మళ్ళీ కొలవండి.

పశువైద్యం_కృష్ణాజిల్లా:

ఆవిడ చెప్పింది సరిగ్గా ఉంది, అలాగే చెయ్యండి. కాస్త లేచాడు కదా అని ఊరుకోవద్దు, గ్లార్జిన్ గంటల తరబడి పనిచేస్తుంది, తేనె అరగంటలో అయిపోతుంది. షుగర్ మళ్ళీ పడిపోతుంది. దగ్గర్లో ఏ క్లినిక్ తెరిచి ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి, దారిలో తేనె సీసా దగ్గర పెట్టుకోండి. ఇవాళ రాత్రి ఇన్సులిన్ వద్దు. ఒక పూట మానేస్తే ఏం కాదు, షుగర్ పడిపోతే ప్రాణం పోతుంది. సెలైన్ పెట్టేటప్పుడు మీ పిల్లికి కిడ్నీ, షుగర్ రెండూ ఉన్నాయని, తొమ్మిది రోజులుగా పూటకి రెండున్నర యూనిట్లు పడ్డాయని మొదటే చెప్పండి.

పొద్దున 390 ఎందుకొచ్చిందని మీకు అనుమానం రావొచ్చు. షుగర్ బాగా పడిపోయినప్పుడు ఒళ్ళు తనను తాను కాపాడుకోవడానికి లివర్‌లో దాచుకున్న షుగర్‌ని వదులుతుంది, అప్పుడు ఎగిసిపోతుంది. దానికి స్టెరాయిడ్ తోడైంది. ఒక్క పొద్దుటి అంకె చూస్తే ఇన్సులిన్ చాలలేదేమో అనిపిస్తుంది, నిజానికి ఎక్కువైంది.

సూటిగా_చెప్తా:

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. పదమూడేళ్ళ పిల్లి, షుగర్, కిడ్నీలు, పళ్ళు. రోజుకి రెండు సూదులు, చెవికి నాలుగు పోట్లు, ఇప్పుడు మత్తిచ్చి పళ్ళు పీకించడం. ఇదంతా పిల్లి కోసమా, మన కోసమా? మా ఇంట్లో పిల్లి ముసలిదై ఒక రోజు పోయింది, అంతే. ఆ డబ్బులు వేరే దేనికైనా పనికొస్తాయి.

డల్లాస్_శ్రీకాకుళం:

సూటిగా గారూ, ఆవిడ పిల్లి ఒళ్ళో పెట్టుకుని వణుకుతుంటే ఇప్పుడా అడిగేది? ప్రశ్న తప్పని అనను, టైము తప్పు. నేనూ ఆ ప్రశ్న వేసుకున్నదాన్నే. మా పిల్లికి 16 ఏళ్ళప్పుడు కిడ్నీ నాలుగో దశలో షుగర్ కూడా తేలితే ఇన్సులిన్ మొదలుపెట్టలేదు, తిన్నన్నాళ్ళు తిననిచ్చి పంపించేశాం. బెల్లం పరిస్థితి అది కాదు కదా, షుగర్ తెచ్చిందేమిటో తెలిసింది, కిడ్నీ ఇంకా రెండో దశలోనే ఉంది.

మాత్రల గురించి చెప్దామని వచ్చా. ఇక్కడ అమెరికాలో పిల్లుల షుగర్‌కి నోటి మందులు రెండొచ్చాయి, బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకి 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి 2023 ఆగస్టులో అనుమతి ఇచ్చారు. సూది లేకుండా రోజుకోసారి. షుగర్‌ని మూత్రంలోకి తోసేస్తాయి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వేసుకునే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా ఈ కుటుంబమే, అందుకే పిన్నిగారికి ఆ ఆలోచన ఎక్కడో తగిలి ఉంటుంది. కానీ బెక్సాగ్లిఫ్లోజిన్ మీద గళ్ళు గీసి మరీ పెద్ద హెచ్చరిక ఉంటుంది, ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి, ఇంతకుముందు తీసుకున్న పిల్లికి ఇవ్వకూడదని. కారణం, షుగర్ నంబరు మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో కీటోన్లు పెరిగి పిల్లి కుప్పకూలిపోగలదు, మిషన్ చూసి మీరు అంతా బాగుందనుకుంటారు. పైగా కిడ్నీ, లివర్ బాగున్న పిల్లికే ఇస్తారు. బెల్లం ఏ రకంగానూ దీనికి రాడు. నాన్నగారి మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే, అది పిల్లులకి పెద్దగా పనిచెయ్యదు, తిండి మాత్రం మానేస్తాయి.

కీటోన్ స్ట్రిప్పులు మాత్రం కొనిపెట్టుకోండి, మెడికల్ షాపులో దొరికేవే. ఇసుకలో పోసేటప్పుడు గరిటె అడ్డం పెట్టి పట్టుకోవచ్చు. వాంతులు, తిండి మానెయ్యడం, స్ట్రిప్పు రంగు మారడం, ఈ మూడూ కలిస్తే ఇక ఆలోచించకుండా ఆస్పత్రే. నీళ్ళు ఎంత తాగుతున్నాడనే లెక్క మీద మరీ ఆధారపడకండి, కిడ్నీ పిల్లి షుగర్ బాగున్నా నీళ్ళు ఎక్కువే తాగుతుంది.

గోదారి_గట్టు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా, క్షమించండి, ఆ రోజు నుంచి ఫోను పట్టుకునే తీరిక లేదు. బెల్లం ఉన్నాడు! ఆ రోజు షుగర్ రెండోసారి కూడా పడిపోయింది, ఇక్కడ చెప్పినట్టే, దారిలో ఆటోలో. తేనె పూస్తూనే తీసుకెళ్ళాం. రాత్రంతా క్లినిక్‌లో ఉంచుకుని తెల్లారాక పంపారు.

మూడు రోజులు ఇన్సులిన్ లేకుండా చూసి, షుగర్ మళ్ళీ 360 దాటాక మా డాక్టరు గారు ఫోన్‌లో ఒక యూనిట్ నుంచి మళ్ళీ మొదలుపెట్టించారు, ఈసారి ఆరెంజ్ మూతతో. నాన్న ఆ మూడు రోజులూ సరిగ్గా అన్నం తినలేదు. 22 ఏళ్ళ అనుభవం అని గొప్పలు చెప్పా, నా వల్లే జరిగింది అంటూ కూర్చున్నారు. ఇప్పుడు ఆయన సీసా, సిరంజిలు పై అరలో ఎర్ర డబ్బాలో, బెల్లానివి కింది అరలో తెల్ల డబ్బాలో. మీద స్కెచ్ పెన్నుతో "నాది", "వాడిది" అని రాశారు. కరెంటు పోతే ఏమిటని ఒక చిన్న మట్టికుండ కూడా తెచ్చి నీళ్ళు పోసి సిద్ధంగా పెట్టారు, ఎండాకాలం ఆయన ఇన్సులిన్‌కి అమ్మ ఉన్నప్పుడు చేసే ఏర్పాటు అది.

గన్నవరం వెళ్ళొచ్చాం. సెలైన్ తర్వాత క్రియాటినిన్ 2.3కి దిగింది. బీపీ కొంచెం ఎక్కువ, అమ్లోడిపిన్ రాశారు. మూత్రంలో నిజంగానే ఇన్‌ఫెక్షన్ ఉంది, ఏ లక్షణమూ లేకుండా! మందు వాడుతున్నాం. పళ్ళకి మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఇంట్లో రోజు మార్చి రోజు చర్మం కింద సెలైన్ పెట్టడం నేర్పించారు, వంద మిల్లీలీటర్లు. మొదటిరోజు మందుల షాపులో డెక్స్‌ట్రోజ్ (అంటే గ్లూకోజే) కలిసింది చేతిలో పెట్టారు, ఈసారి సీసా మీద పేరు చదివి వెనక్కిచ్చి గ్లూకోజ్ లేని రింగర్ లాక్టేట్ తెచ్చుకున్నా. ఇప్పుడు సబ్బు కొన్నా వెనక చదువుతున్నా.

తిండి సగం డ్రై, సగం తడి వరకు వచ్చాం. మెత్తళ్ళ డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం, వాడు రోజూ వాళ్ళ గోడెక్కి కూర్చుంటున్నాడు.

నిన్నటి నంబర్లు ఇవి, మూడు గంటలకొకసారి చూశా. ఏడింటికి 268, పదింటికి 214, ఒంటిగంటకి 139, నాలుగింటికి 182, రాత్రి ఏడింటికి 251. ఇవాళ పొద్దున మాత్రం 188. సూది వెయ్యాలా వద్దా తెలియక వెయ్యలేదు. తప్పు చేశానా?

పశువైద్యం_కృష్ణాజిల్లా:

మంచి పని చేశారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకి నేను చెప్పే లెక్క, సూదికి ముందు 200 లోపు వస్తే ఆగి, డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. నిన్నటి నంబర్లు ఈ వయసుకి, ఈ కిడ్నీలకి నాకు బాగా నచ్చాయి. పుస్తకంలో ఉన్నట్టు వందకి తేవాలని చూడకండి, రోజంతా 120కీ 300కీ మధ్య తిరుగుతూ, బరువు నిలబడి, తింటూ ఉంటే చాలు. 188 అంటే స్టెరాయిడ్ దిగుతోందని నా అనుమానం. రేపు కూడా అలాగే వస్తే డోసు అర యూనిట్‌కి తగ్గించాలేమో మీ డాక్టరుని అడగండి. అర యూనిట్ గీతలున్న సిరంజి ఇప్పుడే వెతికి పెట్టుకోండి, అన్ని షాపుల్లో ఉండదు.

కాళ్ళు మడమల మీద నుంచి లేచాయా?

గోదారి_గట్టు:

పూర్తిగా లేదండీ. కుడి కాలు కొంచెం పైకి లేపి నడుస్తున్నాడు. గోడ మాత్రం ఎక్కుతున్నాడు, పైన చెప్పా కదా.